పిట్టకు పాడిన నాలుగో చరణం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా. చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి రండి. ఈ వారం సంగతి గొంతు పెంచి చెప్పేది కాదు, సగం విని లేచి వెళ్ళేదీ కాదు.

ఫోను పెట్టేసినా అత్త చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. 

"మీ అల్లుడేమన్నాడు అత్తయ్యా?" అని కోడలు మెల్లగా అడిగింది.

అత్త గడియారం వంక చూసింది.

ముందు గదిలో హార్మోనియం ఇత్తడి రీడ్లు అరగదీస్తున్న కొడుకు, చేతిలో ఆకురాయితోనే లోపలికి వచ్చాడు. వేళ్ళ నిండా ఇత్తడి పొడి. "ఏంటమ్మా? మాట్లాడవేం?"

"బీపీ దిగడం లేదట. కళ్ళ ముందు మసకలు కమ్ముతున్నాయట. సాయంత్రం ఆరు లోపల దిగకపోతే కోసి బిడ్డను తీసేస్తారట. తల్లి మాట కూడా ఇప్పుడే చెప్పలేమన్నారట."

పిట్టకు ఏడో నెల. పిట్ట అంటే ఆ ఇంటి ఆడపిల్ల. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని తండ్రి పెట్టిన ముద్దుపేరు, పెళ్ళయి వెళ్ళినా వదల్లేదు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచిందని ఇల్లంతా ఊపిరి బిగపట్టుకుని రోజులు లెక్కపెడుతోంది.

"పొద్దున్న పదకొండింటికి నేను వచ్చేటప్పుడు బాగానే ఉంది కదా," అంది కోడలు. "హాయిగా నిద్రపోయింది కూడా."

అప్పుడు అత్త ఇటు తిరిగింది.

"దాని దగ్గర ఏం పాడానన్నావు? ఇందాక చెప్పావే, మళ్ళీ చెప్పు."

"భయంగా ఉంది వదినా, తాత పాట పాడవా అంది. పాడాను."

"ఎంతవరకు?"

"మొత్తం. నాలుగు చరణాలూ."

కొడుకు చేతిలోని ఆకురాయి నేల మీద పడి ఖంగుమంది. అత్త గోడకు ఆనుకుంది. ఎవరో తోసినట్టే ఆనుకుంది.

"నా కూతురు బతికుండగానే దాని మీద నాలుగోది పాడి వచ్చావా?"

ఈ ఇంటి సంగతి కొత్తగా విన్నవాళ్ళకు వింతగా ఉంటుంది. ఆ పాట కట్టింది పిట్ట తాతగారు. లోకమంతా ఆయనను పాటల తాత అంటుంది గాని ఆయన పని హార్మోనియంల మరమ్మతే. "తలుపు తెరిచే ఉంచు తండ్రీ, దారిలోనే ఉన్నాను" అని మొదలవుతుంది. జబ్బు పడ్డవాళ్ళ మంచం దగ్గర, దూరం వెళ్ళేవాళ్ళు బండి ఎక్కేటప్పుడు, బళ్ళో పిల్లలు వరసగా నిలబడినప్పుడు, ఎవరు పాడినా నాలుగు చరణాలూ గుక్క తిప్పుకోకుండా పాడేస్తారు. కోడలి పుట్టింట్లో బట్టలు మడతపెడుతూ కూడా పాడుకునేవారు.

ఈ ఒక్క ఇంట్లో మాత్రం మూడే పాడతారు. నాలుగోది చావు చరణమని వాళ్ళ నమ్మకం. బతికున్నవాళ్ళ చెవిలో పడకూడదు.

కోడలు కాపురానికి వచ్చి ఎనిమిది నెలలు. మూడో చరణం కాగానే అందరూ ఆపేస్తుంటే, పాట కట్టినవాళ్ళింట్లోనే చివరిది మర్చిపోయారేమిటా అని లోపల్లోపల నవ్వుకుంది కూడా. 

"నీకు తెలియదా?" అన్నాడు భర్త.

"ఎవరు చెప్పారు నాకు? రీడ్లు ఏ పెట్టెలో పెట్టాలో చెప్పావు. జిగురు డబ్బా మూత బిగించమని రోజుకి మూడుసార్లు చెప్తావు. ఇది ఒక్కసారైనా చెప్పావా?"

"తెలిసే ఉంటుందనుకున్నాను."

"ఎలా తెలుస్తుంది? గోడలు చెప్తాయా?"

"పాడేదాకా పాడి ఇప్పుడు గొడవపడుతున్నారా?" అంది అత్త. గొంతు పెద్దగా లేదు. అదే భయంగా ఉంది. "అయిదున్నర దాటాక లోపలికి వెళ్ళనిస్తారట. నేను వెళ్తాను. నువ్వు మాత్రం ఆ గడప తొక్కకు. దాని కంట పడకు."

అంతలో ముందు గదిలోంచి కేక వినబడింది. "ఎవరండీ ఇంట్లో? నా పెట్టె అయిందా లేదా?"

బళ్ళో పాటలు నేర్పే మేష్టారు. మనిషి సన్నం, గొంతు లావు. బడి హార్మోనియం తిత్తి చిరిగితే కిందటి వారం ఇచ్చి వెళ్ళాడు. కొడుకు మొహం తుడుచుకుని బయటికి వచ్చి, పెట్టె బల్ల మీద పెట్టి, "అయింది మేష్టారూ, తీసుకెళ్ళండి," అన్నాడు.

"తీసుకెళ్ళడమేంటయ్యా, వాయించి చూసుకోవద్దూ? మీ నాన్న చేసిచ్చినప్పుడల్లా టీ ఇచ్చి మరీ వాయించమనేవాడు. నీ కాలానికి టీ పోయింది, వాయించడమూ పోతుందా?" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిత్తి ఆడించాడు. శ్రుతి కుదిరింది. మొహం వెలిగింది. "ఈ గడపలో కూర్చుని మీ తాతగారి పాట తప్ప ఇంకేం వాయిస్తాం!"

"మేష్టారూ, ఇవాళ కొంచెం..."

"ఉండవయ్యా, మధ్యలో మాట్లాడకు."

మొదటి చరణం అయింది. రెండోది అయింది. కోడలు వచ్చి తలుపు సందులో నిలబడింది. మూడోది అయిపోతుంటే ఆపాలని దేవుళ్ళందరినీ తలుచుకుంది. మేష్టారు కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, ఆపకుండా అందుకున్నాడు.

"వదిలిన వేలిని వెతకబోకు, అది నా చేతిలో ఉన్నది..."

అత్త ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. రెండు అరచేతులూ తిత్తి మీద పెట్టి బలంగా నొక్కేసింది. హార్మోనియం గాయపడ్డ జంతువులా మూలిగి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది!" అని మేష్టారు అదిరిపడ్డాడు. "అంత మంచి చోట ఆపేశారు. పిల్లలకి ప్రతి ఏడూ ఈ పాట కథ చెప్తాను నేను. తాతగారి కొడుకు జ్వరంతో ఉంటే ఆయన రోజుకో చరణం కట్టడం, నాలుగోది పాడగానే పిల్లాడు లేచి కూర్చుని గంజి అడగడం..."

"ఆ పిల్లాడు గంజి అడగలేదు మేష్టారూ."

"అంటే?"

"నాలుగోది పాడగానే పోయాడు."

మేష్టారు పెట్టె మీంచి చేతులు తీసేశాడు. "నేను... జబ్బుపడిన పిల్లల ఇళ్ళకి కూడా వెళ్ళి చెప్పాను ఆ కథ," అన్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్నాను."

"చెప్పుకోండి. వాళ్ళకి మంచే జరిగితే అంతకన్నా ఏం కావాలి? మా ఇంట్లో మాత్రం వద్దు."

మేష్టారు పెట్టెను గుండెకు ఆనించుకుని, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అంత గొంతున్న మనిషి వీధి చివరిదాకా దగ్గనైనా దగ్గలేదు.

అత్త స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పంపు తిప్పింది. ఏడుపు బయటికి వినపడకుండా ఉండడానికే తిప్పిందని కోడలికి తెలుసు.

మళ్ళీ ఫోను మోగింది. కోడలు ఒక్క అంగలో అందుకుంది.

"వదినా."

"పిట్టా! ఎలా ఉంది తల్లీ?"

"అమ్మ పక్కనుందా?"

"లేదు. నేనొక్కదాన్నే."

 పిట్ట గుసగుసగా అంది, "నేను పొద్దున్న నిద్రపోలేదు వదినా."

కోడలు ఫోను చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది.

"మూడోది అయ్యాక ఆపుతావనుకున్నాను. నువ్వు ఆపలేదు. అరుద్దామంటే నోరు పెగల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నాను. నా మొహంలో నీకేం కనపడింది?"

"ఏం కనపడడం ఏంటి?"

"కనపడితేనే కదా అది పాడతారు. డాక్టరమ్మ నీతో ఏదో చెప్పి ఉంటుంది, నాకు చెప్పలేక పాడేశావు అనుకున్నాను. నిజం చెప్పు వదినా. నేనేం అనుకోను. బిడ్డకైనా పరవాలేదన్నారా?"

"ఒట్టు పిట్టా, నాకెవరూ ఏమీ చెప్పలేదు! మీ ఇంట్లో అలా ఉందని నాకు తెలియదు. మా ఇంట్లో అందరం మొత్తం పాడతాం. నువ్వు నిద్రపోవాలని పాడాను, అంతే."

"అలాగేలే."

ఆ 'అలాగేలే' విన్నారా? నమ్మని మనిషి, ఎదుటివాళ్ళు బాధపడకూడదని అనే మాట అది. వెనకనుంచి నర్సు గొంతు, "ఫోను ఇలా ఇవ్వమ్మా, మాట్లాడకూడదని చెప్పానా," అని వినబడింది. అంతటితో తెగిపోయింది.

కోడలు అక్కడే నేల మీద కూలబడింది. ఇంతసేపూ అత్త మాటలు ఆమెను భయపెట్టాయి గాని, చరణం పాడితే మనిషి పోతుందంటే మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పుడు తెలిసింది. చరణం ఏమీ చేయలేదు, తాను చేసింది. ఇవాళ పిట్ట గుండెలో భయం పెట్టింది తనే. ఆ భయమే రక్తంలో ఎక్కి కూర్చుంది. ఏ మందు వేస్తే దిగుతుంది అది?

గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

వెనక గదిలోంచి దగ్గు వినబడింది. "ఎవరే ఏడుస్తోంది? లోపలికి రా."

పెద్దత్త. పాటల తాతగారి కూతురు, అత్తకు వదిన వరస. ఎనభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి దగ్గర తిత్తులకు తోలు కత్తిరించడం నేర్చుకుని, చూపు ఆనినన్నాళ్ళూ ఆ పనే చేసింది. చెవులు వినపడక రెండేళ్ళుగా ఆ గదే ఆమె లోకం.

కోడలు మంచం దగ్గరికి వెళ్ళి చెవిలో గట్టిగా, "పెద్దత్తయ్యా!" అంది.

"అరవకే, మిషన్ పెట్టుకున్నాను. ఉన్న ఒక్క చెవీ పోగొడతావా? ఇందాక ఎవరో నాలుగోది వాయించారు. మంచం కోడు గోడకి ఆనుకుని ఉందిగా, వెన్నులోకి తెలిసింది. మధ్యలో ఎవరు నొక్కేశారు దాన్ని?"

కోడలు అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. పిట్ట ఫోనులో అన్న మాట చెప్పేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆగింది.

పెద్దత్త వింటూ వింటూ లేచి కూర్చుంది. చాలాసేపు తన అరచేతుల వంక చూసుకుంది.

"మీ అత్తని పిలువు," అంది.

అత్త వచ్చింది, కళ్ళు ఎర్రగా. గుమ్మంలోనే నిలబడింది. కొడుకు ఆమె వెనక నిలబడ్డాడు.

"ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను," అని పెద్దత్త మొదలుపెట్టింది. "నాకు ఏడేళ్ళు. తమ్ముడికి ఐదు. ఏడు రోజులు జ్వరం. జ్వరం పైకి ఎక్కినప్పుడల్లా నాన్న ఒక చరణం కట్టి పాడేవాడు. కిటికీ బయట ఇరుగుపొరుగు నిలబడి వినేవాళ్ళు. అలా మూడయ్యాయి. ఎనిమిదో రోజు పొద్దున్నే వాడు పోయాడు."

"పొద్దున్నా?" అంది అత్త. "సాయంత్రం పాట అయ్యాక కదా..."

"పొద్దున్నే. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. నేను వాడి కాళ్ళు పట్టుకుని ఉన్నాను, నా చేతుల్లోనే చల్లబడ్డాయి. నాన్న వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అమ్మ మాత్రం, నిద్రపోతున్నాడు, ఎవరూ గోల చెయ్యకండి అంది. వాణ్ణి ఎవరికీ ఇవ్వలేదు. మంచినీళ్ళు ముట్టలేదు. అలా ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు వాడి జుట్టులో పెట్టి, కదలకుండా కూర్చుంది. పొద్దు వాలేదాకా."

పెద్దత్త దుప్పటి అంచు సర్దుకుంది.

"నాన్న గడప దగ్గర కూర్చుని ఆవిడ మొహమే చూస్తూ నాలుగోది కట్టాడు. ఆవిడకి పాడాడు. వాడికి కాదు. వాడికి వినేందుకేం మిగిలింది? 'కూర్చున్న ప్రాణమా, ఇక లేచి రా, పొద్దింకా మిగిలే ఉన్నది' అన్నాడు. ఆ కూర్చున్నది ఎవరనుకున్నారే మీరంతా ఇన్నేళ్ళూ? మా అమ్మ."

"మరి అత్తయ్య నాతో..." అత్త గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నేను కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే చెప్పింది. నువ్వు పాడావు, వాడు పోయాడు అని మావయ్యని జీవితాంతం అంది."

"అంది. పాట అవగానే కిందికి చూసింది. అప్పుడు కనపడింది ఆవిడకి. నువ్వు పాడావు, వాడు పోయాడు అని కేక పెట్టింది. నాన్న ఏమన్నాడో తెలుసా? అవును, నేనే అన్నాడు. నేను, పొద్దున్నే కదమ్మా అనబోయాను. నాన్న నా నోటి మీద చెయ్యి వేశాడు. ఇత్తడి వాసన. గట్టిగా నొక్కాడు. అమ్మ ఆ కోపంతో లేచింది. లేచి ఆయన్ని కొట్టింది, ఏడ్చింది, మర్నాడు అన్నం తింది. ఆ కోపం లేకపోతే ఆ ఒడి అలాగే ఉండిపోయేది. నాన్న ఆ నింద ఆవిడకి ఊతకర్రలా ఇచ్చి, తాను ముప్ఫై ఏళ్ళు మోశాడు. ఇంట్లో మళ్ళీ అది పాడలేదు. కిటికీ బయట విన్నవాళ్ళు ఊళ్ళు తిప్పారు, గంజి కథ కట్టుకున్నారు. ఇంట్లోవాళ్ళం చావు కథ కట్టుకున్నాం."

"ఎందుకు చెప్పలేదు పెద్దత్తా?" అన్నాడు కొడుకు.

"అమ్మ ఉన్నంతకాలం చెప్పకూడదు. తర్వాత ఎవరూ అడగలేదు. అడగకుండా చెప్తే ముసల్ది వాగుతోందనరూ?"

కోడలికి ఒక్కసారి ఊపిరి ఆడినట్టయింది. ఇది పిట్టకు చెప్తే చాలు. ఇప్పుడే, ఆరు కాకముందే. "అత్తయ్యా, పదండి వెళ్దాం" అనబోయి, అత్త మొహం చూసి ఆగిపోయింది.

అత్త మొహం నెత్తురు చుక్క లేకుండా ఉంది.

"అబద్ధం," అంది. "ఇది అబద్ధం వదినా."

"అబద్ధం ఎందుకు చెప్తానే ఈ వయసులో?"

"అబద్ధమే కావాలి!" అత్త అరిచింది. ఇన్ని నెలల్లో ఆమె అరవడం కోడలు వినలేదు. "మీ చిన్న తమ్ముడు, మా ఆయన, పోయే ముందు అడిగారు నన్ను. ఈ పక్క గదిలోనే. మూడూ పాడాను. నాలుగోది కూడా పాడవే, బయట అందరూ పాడతారుగా, నాకెందుకు పాడవు అన్నారు. చెయ్యి పట్టుకుని అడిగారు. నేను పాడలేదు. బతికించుకుందామని పాడలేదు! గోడ వైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ నాతో మాట్లాడలేదు." గుక్క తిప్పుకుంది. "ఇప్పుడు నువ్వు, అందులో ఏమీ లేదు, పాడొచ్చు అంటావా? ఆ రోజు నువ్వు ఈ మంచం మీదే ఉన్నావుగా!"

పెద్దత్త చెవిలోని మిషన్ తడుముకుంది.

"వినపడలేదే నాకు. ఈ మిషన్ వాడు పోయాకే కదా కొన్నారు." మళ్ళీ అంది, "వినపడి ఉంటే చెప్పేదాన్నో లేదో... అదీ చెప్పలేను. నాన్న చెయ్యి ఇంకా ఈ నోటి మీదే ఉంది."

ఇద్దరు ముసలివాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. వాళ్ళ మధ్యలో నిలబడిన కోడలికి, తాను ఏ వైపు అడుగు వేసినా ఎవరినో తొక్కినట్టే అనిపించింది.

అయినా వేసింది.

"అత్తయ్యా, మావయ్యగారి సంగతి నాకు తెలియదు. దానికి నేనేం చెప్పలేను. పిట్ట మాత్రం అక్కడ పడుకుని, వదిన నా చావు చూసి పాడింది అనుకుంటోంది. నేను చెప్తే నమ్మలేదు. మీరు చెప్తే నమ్ముతుంది. నన్ను గడప తొక్కొద్దన్నారు, తొక్కను. మీరు వెళ్ళండి."

"నమ్మని మాట నేనెలా చెప్పను?"



కొడుకు హార్మోనియంలు చేరవేసే చిన్న వ్యాను తీశాడు. పెద్దత్తను కోడలు చెయ్యి పట్టుకుని నడిపించింది. రెండేళ్ళ తర్వాత వీధి చూసిన పెద్దత్త, "ఇంత వెలుగేంటే!" అని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త రాదేమో అనుకున్నారు. వ్యాను కదలబోతుండగా తలుపు తెరుచుకుని వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ఎక్కి కూర్చుంది. 

ఆసుపత్రిలో అల్లుడు లేడు, రక్తం తేవడానికి వెళ్ళాడట. నర్సు కాగితం చూసి, వీళ్ళ నలుగురినీ చూసింది. "ఒక్కరే. అదీ పది నిమిషాలు. బీపీ దిగకపోతే ఆరింటికి ఆపరేషన్‌కి తీసుకెళ్ళిపోతాం. ఆవిడ్ని కంగారు పెట్టే మాటలేవీ చెప్పకండి. ఆవిడకి మందులు పనిచేయడం లేదు, భయపడుతూనే ఉంది."

పెద్దత్త ఒక్కతే లోపలికి నడిచే స్థితిలో లేదు. కోడలు వెళ్ళకూడదు. కొడుకు తల వంచుకున్నాడు.

అత్త లేచింది. తెర దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి పెద్దత్త కళ్ళలోకి చూసింది. నిజం చెప్పావా అని అడుగుతున్నట్టుంది, నిజమైతే నేనేమైపోవాలి అని అడుగుతున్నట్టూ ఉంది. పెద్దత్త తల ఆడించలేదు, నోరు మెదపలేదు. చూపు మాత్రం దించలేదు.

తెర మూసుకుంది.

కోడలు గోడకు చెవి ఆనించినంత పని చేసింది. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత మంచం పక్క మిషన్ టిక్కుటిక్కుమంటూ, దాని వెనక అత్త గొంతు సన్నగా. "తలుపు తెరిచే ఉంచు తండ్రీ..."

మొదటిది అయింది. రెండోది. మూడోది మరీ నెమ్మదిగా సాగింది, అయిపోతుందేమోనని భయపడుతున్నట్టు. అయిపోయింది.

నాలుగోది అందుకోలేదు.

కోడలు కళ్ళు మూసుకుంది. చెప్పలేకపోయింది, అనుకుంది. ఇక పిట్ట ఆ భయంతోనే కత్తి కిందకు వెళ్తుంది.

"అమ్మా," అని పిట్ట గొంతు. "పొద్దున్న వదిన నాకు..."

"తెలుసు. విను పిట్టా." అత్త ఒక్కో మాటా కూడగట్టుకుంటోంది. "నాలుగోది పడుకున్నవాళ్ళది కాదటే. పక్కన కూర్చున్నవాళ్ళదట. మీ నాయనమ్మ కోసం కట్టారట. మీ వదిన భయపడి, తెలియక, తనకోసం తాను పాడుకుంది. దాని మొహం నువ్వు చూడలేదు, నేను చూశాను. నీకంటే అదే ఎక్కువ భయపడింది."

"నువ్వు నమ్ముతున్నావా?"

బయట కోడలు పెద్దత్త చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలియదే. నమ్మితే మీ నాన్న దగ్గర నేనేం చెప్పుకోను?" ముక్కు చీదిన చప్పుడు. "కానీ ఇవాళ ఇక్కడ కూర్చున్నది నేను. నా చేతులు చూడు ఎలా వణుకుతున్నాయో. నాకోసం పాడుకుంటాను. నువ్వు ఊరికే విను."

నలభై ఏళ్ళకు పైగా నోట పలకని చరణం. రాగం పట్టు తప్పింది. "వదిలిన వేలిని వెతకబోకు..." అని ఎత్తుకుని, "అది నా చేతిలో..." అని, అక్కడికి వచ్చి ఆగిపోయింది. తర్వాతి మాట దొరకలేదో, గొంతు దాటలేదో.



అప్పుడు తెర లోపలినుంచి ఇంకో గొంతు, నీరసంగా, అయినా తప్పులేకుండా, అందించింది.

"ఉన్నది... కూర్చున్న ప్రాణమా, ఇక లేచి రా..."

పిట్ట.

కోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అదే క్షణంలో నర్సు బీపీ మిషన్ పట్టుకుని వీళ్ళను దాటుకుంటూ తెర తీసి లోపలికి వెళ్ళింది. గోడ మీద గడియారం ఆరుకు తొమ్మిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పట్టీకి గాలి ఎక్కుతున్న చప్పుడు, ఆగిన చప్పుడు. నర్సు నంబరు పైకి చెప్పలేదు. "డాక్టరుగారిని పిలవండి," అని మాత్రం అంది. ఆ గొంతులో ఏముందో బయటివాళ్ళకు అంతుపట్టలేదు.

అమ్మా, అయ్యా, ఆ నంబరు ఎంతో నాకూ తెలియదు; ఈ సంగతి మాత్రం విన్నచోటే వదిలేయకండి. బళ్ళో చెప్పే గంజి కథ అందరికీ వచ్చు. మీరు మాత్రం పెద్దత్త చెప్పినట్టు చెప్పండి: పిల్లాడు పొద్దున్నే పోయాడని, తండ్రి ఆ పాట తల్లికి పాడాడని, నింద తానే తీసుకున్నాడని. మంచం పక్కన కూర్చుని చేతులు వణుకుతున్నవాళ్ళు మీకెవరైనా తెలిసి ఉంటారు. ముందు వాళ్ళకి చెప్పండి.